పిల్లి మేలా? కుక్క మేలా? చిన్న రైతు ఇంటికి ఏది తగినది

వడ్ల బస్తాలు ఇంటికి చేరిన కొద్ది రోజులకే ఎలుకలూ చేరతాయి. పశువుల కొట్టం ఊరి చివర ఉంటే రాత్రి కాపలా బెంగ ఉండనే ఉంటుంది. అందుకే మన పల్లెల్లో రైతు ఇంట పిల్లో, కుక్కో, ఒక్కోసారి రెండూ కనిపిస్తాయి. అయితే చాలామంది వీటిని ఆలోచించి పెంచుకోరు. వచ్చి చేరితే నాలుగు మెతుకులు పెడతారు, అంతే. టీకా వేయించరు. పిల్లలు పుడితే ఏం చేయాలో అనుకోరు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం ఒక్కోసారి మనిషి ప్రాణం.

"పిల్లి ఉంటే ఎలుకల మందు పెట్టక్కర్లేదు కదా?", "కుక్క ఉంటే చేలోకి పందులు రావు కదా?" అని గ్రామాల్లో రైతులు తరచుగా అడుగుతుంటారు. ఈ రెండు ప్రశ్నలకూ అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పలేం. పిల్లి స్వభావం వేరు, కుక్క స్వభావం వేరు. ఆ తేడా తెలిస్తే మన ఇంటికి ఏది అవసరమో, దాని నుంచి ఎంత పని ఆశించవచ్చో రైతుకే అర్థమవుతుంది.

మనిషి దగ్గరకు చేరిన తీరు

కుక్క తోడేలు జాతి నుంచి వచ్చింది. మనిషి వ్యవసాయం మొదలుపెట్టక ముందే, వేటాడుతూ తిరిగే రోజుల్లోనే, కనీసం 15,000 ఏళ్ల క్రితమే అతని వెంట నడిచింది. తోడేళ్లు గుంపుగా బతుకుతాయి, గుంపులో పెద్ద జంతువుల వెంట నడుస్తాయి. కుక్కకూ ఆ గుణమే ఉంది. మన కుటుంబమే దాని గుంపు. అందుకే పిలిస్తే వస్తుంది, చెప్పింది నేర్చుకుంటుంది, మనం పొలం వెళితే వెనకే వస్తుంది.

పిల్లి మాత్రం వ్యవసాయం వచ్చాకే మనిషి దగ్గరకు వచ్చింది. సుమారు పది వేల ఏళ్ల క్రితం పశ్చిమాసియాలో మనుషులు ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టారు. ధాన్యం కోసం ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం అడవిపిల్లులు వచ్చాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం బయటపడింది. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. దాని వేట మైదానమే దానికి ముఖ్యం.

క్లుప్తంగా చెప్పాలంటే కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి చోటును నమ్ముకుంటుంది. మిగతా తేడాలు చాలావరకు ఇందులోంచి వచ్చినవే.

ప్రవర్తనలో గమనించాల్సిన తేడాలు

- ఇల్లు మారినప్పుడు కుక్క యజమాని వెంట వచ్చేస్తుంది. పిల్లి పాత ఇంటికే తిరిగి వెళ్లిపోతుంది. కొత్త ఇంట్లో పిల్లిని రెండు మూడు వారాలు లోపలే ఉంచి, అక్కడే తిండి పెట్టి అలవాటు చేయాలి.
- కుక్క తోక ఊపితే చాలాసార్లు సంతోషమే. పిల్లి తోకను అటూ ఇటూ విసురుతుంటే చికాకులో ఉందని అర్థం, అప్పుడు ముట్టుకోకూడదు. పిల్లి తోక నిటారుగా లేపి దగ్గరకు వస్తే స్నేహంగా ఉన్నట్లు.
- కుక్క తోక ఊపినంత మాత్రాన కరవదని అనుకోకూడదు. ఒళ్లు బిగబట్టి, మెడ మీద వెంట్రుకలు లేపి, తోకను పైకెత్తి గట్టిగా ఊపుతుంటే అది హెచ్చరిక. "మొరిగే కుక్క కరవదు" అనే సామెతను నమ్ముకుని దగ్గరకు వెళ్లరాదు. మొరిగే కుక్కా కరుస్తుంది.
- పిల్లి మలాన్ని మట్టితో కప్పుతుంది. చిన్నప్పుడే ఒక మూల ఇసుక పోసి చూపిస్తే అక్కడే వెళ్లడం అలవాటవుతుంది. కుక్కకు వేళ ప్రకారం బయటకు తీసుకెళ్లి నేర్పాలి.
- ఒంట్లో బాగోలేకపోతే కుక్క మన దగ్గరకు వస్తుంది. పిల్లి దాక్కుంటుంది. పిల్లి రెండు రోజులు తిండి ముట్టకుండా మూలన కూర్చుంటే జబ్బు చేసిందని గుర్తించాలి.
- కుక్కపిల్ల 3 నుంచి 12 వారాల వయసులో, పిల్లికూన 2 నుంచి 7 వారాల వయసులో మనుషులకు బాగా మచ్చికవుతాయి. ఆ రోజుల్లో రోజూ చేతుల్లోకి తీసుకుని నిమిరితే పెద్దయ్యాక కరిచే, గీరే గుణం తగ్గుతుంది.

పిల్లి చేసే పని ఎంత?

ఇంట్లో తిరిగే చిట్టెలుకలను, ఎలుక పిల్లలను పిల్లి బాగా పడుతుంది. పిల్లి వాసన ఉన్న చోటికి రావడానికి ఎలుకలు జంకుతాయి. ఎలుకలు తగ్గితే వాటి కోసం వచ్చే పాములూ తగ్గుతాయి. బస్తాల పక్కనే మంచం వేసుకుని పడుకునే ఇళ్లలో ఇది చిన్న లాభం కాదు.

అయితే బాగా ఎదిగిన పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. అది ఎదురు తిరిగి కరుస్తుంది. పొలం గట్లలో బొరియలు పెట్టే ఎలుకల విషయంలో ఇంటి పిల్లి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది. ఒకసారి సంఖ్య పెరిగాక ఒక్క పిల్లి దాన్ని తగ్గించలేదు. ఎలుకలు తక్కువగా ఉన్నప్పుడు పెరగకుండా చూడటమే పిల్లి చేసే అసలు మేలు.

కాబట్టి పిల్లితో పాటు ఇవి కూడా చేయాలి:

- బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్లలపై, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. సందుల్లో పిల్లి తిరిగేందుకు చోటుండాలి.
- తలుపుల కింద ఖాళీలను, గోడల్లో రంధ్రాలను రేకుతో గాని, సిమెంటుతో గాని మూయాలి.
- కళ్లంలో, కొట్టంలో రాలిన గింజలు ఎప్పటికప్పుడు ఊడ్చాలి.
- పొలంలో ఎలుకల నివారణను ఊరి రైతులంతా ఒకేసారి చేపట్టాలి.

తిండి పెడితే పిల్లి ఎలుకలు పట్టదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పిల్లికి వేట ఆకలితో మాత్రమే వచ్చేది కాదు, అది దాని స్వభావం. కడుపు నిండినా కదిలే ఎలుక మీదికి దూకుతుంది. ఆకలితో మాడిస్తే మాత్రం తిండి వెతుక్కుంటూ వేరే ఇళ్లకు పోతుంది, లేదా మన కోడిపిల్లల మీద పడుతుంది. రోజూ ఒకే వేళకు కొంచెం తిండి పెడితే ఇల్లు వదలదు.

కుక్క చేసే పని ఎంత?

కుక్క ముక్కు, చెవి మనకంటే ఎన్నో రెట్లు చురుకైనవి. కొత్త మనిషి వచ్చినా, కొట్టంలోకి పాము దూరినా, ముంగిస కోళ్ల మీదికి వచ్చినా ముందు పసిగట్టేది కుక్కే. రాత్రి పొలంలో అడవిపందుల రాకను కూడా మొరిగి చెబుతుంది. అయితే పందుల గుంపును ఒక్క కుక్క ఆపలేదు. మగపంది కోరలతో కుక్కను చీల్చేయగలదు. కుక్కను హెచ్చరిక గంటగా వాడుకోవాలి గాని పందుల మీదికి ఉసిగొల్పకూడదు. పంట రక్షణకు కంచె, గట్టు చుట్టూ తీగలు వంటి ఏర్పాట్లు వేరుగా ఉండాల్సిందే.

కాపలాకు ఖరీదైన విదేశీ జాతులు అక్కర్లేదు. మన ఎండను, మన తిండిని తట్టుకునేది నాటు కుక్కే. కోస్తా ఆంధ్రలో కొల్లేరు పరిసరాల్లో బాతులను మందగా తోలడానికి జోనంగి జాతి కుక్కలను వాడేవారు. పొట్టి వెంట్రుకలతో, సన్నని ఒంటితో ఉండే ఈ జాతి ఆ వేడికి, ఆ నేలకు అలవాటుపడినది. చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకం తగ్గాక వాటిని పట్టించుకునేవారు కరువయ్యారు. బొచ్చు దట్టంగా ఉండే చలిదేశపు కుక్కను తెచ్చి మన ఏప్రిల్, మే ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేస్తే వడదెబ్బకు చనిపోవచ్చు.

పగలంతా పొట్టి గొలుసుతో కట్టేసిన కుక్క మంచి కాపలాదారు కాదు. దాని కోపం పెరిగి ఇంటివాళ్లనే కరుస్తుంది. పొడవైన గొలుసు, నీడ, ఎప్పుడూ నీళ్లు ఉండాలి. రోజుకు రెండుసార్లయినా విప్పి తిప్పాలి.

తిండిలో తేడా

మనిషితో కలిసి బతికిన వేల ఏళ్లలో కుక్క అన్నం, రొట్టె వంటి పిండి పదార్థాలను అరిగించుకునే శక్తి సంపాదించింది. అన్నం, పప్పు, మజ్జిగ, జొన్న సంకటితో పాటు వారానికి కొన్నిసార్లు గుడ్డు, మాంసం ముక్కలు పెడితే నాటు కుక్క ఆరోగ్యంగా ఉంటుంది.

పిల్లి అలా కాదు. అది పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే రావాలి. ఎన్నాళ్లూ పెరుగన్నం మీదే ఉంచితే చూపు పోవచ్చు, గుండె జబ్బు రావచ్చు. ఎలుకలు పట్టే పిల్లికి కొంత అలా దొరుకుతుంది. అయినా ఉడికించిన చేప తలలు, గుడ్డు, కోడి వ్యర్థాలు వారంలో ఎక్కువ రోజులు ఇవ్వాలి. పిల్లికి పాలే ఆహారమన్నది కూడా అపోహే. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు అవుతాయి. గిన్నెలో మంచినీళ్లు పెట్టడం ముఖ్యం.

ఉల్లి, వెల్లుల్లి ఎక్కువగా ఉన్న కూరలు రెండింటికీ హాని చేస్తాయి. కోడి ఎముకలు ఉడికించాక పుల్లల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. అవి పెట్టరాదు.

రేబిస్: ఇక్కడ పొరపాటుకు తావు లేదు

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని గాని, పశువును గాని బతికించే మందు లేదు. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు అంతా కుక్క కాటు వల్లే. అలాగని పిల్లిని తేలిగ్గా తీసుకోరాదు. రేబిస్ ఉన్న పిల్లి కరిచినా, చొంగ అంటిన గోళ్లతో గీరినా జబ్బు రావచ్చు. "పిల్లే కదా, చిన్న గీరుడే కదా" అని వదిలేయడం ప్రాణాంతకం.

కాటు తర్వాత లక్షణాలు బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారం నుంచి ఏడాది వరకు పట్టవచ్చు. గాయం మానిందని మరచిపోకూడదు.

కుక్క గాని, పిల్లి గాని కరిస్తే:

1. వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. దగ్గర ఉన్న ఏ సబ్బయినా సరే.
2. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు, జిల్లేడు పాలు ఏవీ పెట్టకూడదు. కట్టు కట్టకూడదు.
3. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజుతో పాటు 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. ఒక్క డోసు కూడా మానకూడదు.
4. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. డాక్టరును అడగాలి.
5. కరిచిన జంతువును చంపకుండా 10 రోజులు గమనించాలి. అయితే ఆ పది రోజులు చూశాక టీకా వేయించుకుందామని ఆగరాదు.

పాడి రైతులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పిచ్చికుక్క కరిచిన ఆవు, గేదె మేత మింగలేక చొంగ కారుస్తూ, అదే పనిగా అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టి వెతకడం మన దగ్గర సాధారణం. అలాంటి పశువు నోట్లో చెయ్యి పెట్టవద్దు. దాని పాలు వాడవద్దు. పశువైద్యుణ్ని పిలవాలి, చొంగ తగిలినవారు ఆసుపత్రికి వెళ్లాలి.

కుక్కకైనా పిల్లికైనా మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, డాక్టరు చెప్పినప్పుడు రెండో డోసు, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించాలి. జూలై 6న, సెప్టెంబర్ 28న జరిపే కార్యక్రమాల సందర్భంగా చాలా చోట్ల పశుసంవర్ధక శాఖ ఉచితంగా టీకాలు వేస్తుంది. ఆ సమయంలో మీ పశువైద్యశాలలో ముందుగా అడిగి తెలుసుకోవాలి.

గొర్రెలు, మేకలు, పాడి ఉన్నవారికి

గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ, తల ఒక పక్కకు వాల్చి చివరకు పడిపోయే జబ్బు చాలామంది కాపరులకు తెలుసు. దానికి కారణం కుక్క పేగుల్లో ఉండే ఒక రకం బద్దెపురుగు. కుక్క మలంతో దాని గుడ్లు గడ్డి మీదికి చేరతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటి తిత్తి పెరుగుతుంది. చచ్చిన గొర్రె తలను, తిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులను పచ్చిగా కుక్కకు వేస్తే ఈ పురుగుల చక్రం మళ్లీ మొదలవుతుంది. కాలేయం, ఊపిరితిత్తుల్లో తిత్తులు కలిగించే మరో బద్దెపురుగు మనుషులకూ సోకుతుంది. అందుచేత ఆ భాగాలను లోతుగా పాతిపెట్టాలి. మంద కుక్కలకు పశువైద్యుని సలహాతో మూడు నెలలకోసారి బద్దెపురుగుల మందు తాగించాలి.

పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే జీవి మేతలోకి చేరితే గొర్రెలు, మేకలు ఈచుకుపోవచ్చు. గర్భిణులకూ దీనివల్ల ప్రమాదం ఉంది. దాణా తొట్లకు, పిండి బస్తాలకు మూతలు ఉండాలి. గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదు, మట్టి పని చేశాక చేతులు బాగా కడుక్కోవాలి.

మన మందులే వాటికి విషం

- పశువుల గోమార్లకు వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులను పిల్లికి పూయరాదు. కొద్ది మోతాదుకే వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోతుంది.
- జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కకు కూడా సొంతంగా వేయరాదు.
- పొలంలో జింక్ ఫాస్ఫైడ్ గాని, బ్రోమోడయోలోన్ గాని పెట్టినప్పుడు ఎరను పొట్లం కట్టి బొరియ లోపలికి నెట్టి మట్టితో మూయాలి. బయట చల్లకూడదు. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టాలి. ఆ ఎలుకను తిన్న పిల్లికి, కుక్కకు కూడా విషం ఎక్కుతుంది. మందు పెట్టిన రోజుల్లో వాటిని ఇంటి దగ్గరే కట్టి ఉంచాలి.
- బ్రోమోడయోలోన్ విషానికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. అనుమానం వస్తే మందు డబ్బా తీసుకుని పశువైద్యశాలకు వెళ్లాలి, లేదా 1962కు ఫోన్ చేయాలి.

సంతానం అదుపు

కుక్కకూ పిల్లికీ చూలు కాలం దాదాపు రెండు నెలలే. కుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు రావచ్చు. పిల్లి ఐదారు నెలల వయసుకే చూలు కట్టవచ్చు, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనవచ్చు. వాటిని గోనెసంచిలో వేసి పక్క ఊరి పొలిమేరలో వదిలిరావడం పరిష్కారం కాదు. అవి టీకాలు లేని ఊరకుక్కలుగా, పిల్లులుగా మారి మళ్లీ మన పిల్లల మీదికే వస్తాయి. విషం పెట్టి చంపడం చట్టప్రకారం నేరం కూడా. ఆరు నెలల వయసు తర్వాత పశువైద్యుణ్ని కలిసి ఆపరేషన్ చేయించడమే సరైన మార్గం. ఆపరేషన్ చేస్తే కుక్క కాపలా కాయదని, పిల్లి ఎలుకలు పట్టదని అనుకోవడం అపోహ. ఊళ్లు పట్టి తిరగడం తగ్గి ఇంటి పట్టున ఉంటాయి.

ఎవరికి ఏది?

- ధాన్యం, అపరాలు, విత్తనాలు ఇంట్లోనే నిల్వ చేసేవారికి పిల్లి తగినది. దాని తిండి ఖర్చు తక్కువ, మన సమయం ఎక్కువ అడగదు.
- పశువుల కొట్టం, మోటారు షెడ్డు, కోళ్లు ఊరి బయట ఉన్నవారికి కుక్క తగినది. అయితే రోజూ అరగంటైనా దానితో గడిపే మనిషి ఇంట్లో ఉండాలి.
- ఏడాదిలో కొన్ని నెలలు పనికి వలస వెళ్లే కుటుంబాలు కుక్కను పెంచకపోవడమే మంచిది. తాళం వేసిన ఇంటి ముందు అది ఎదురుచూస్తూ ఊరకుక్క అయిపోతుంది. పిల్లి ఉంటే పొరుగువారికి అప్పగించి వెళ్లాలి.
- పెరట్లో కోడిపిల్లలు ఉంటే పిల్లిని నమ్మకూడదు. నెల దాటే వరకు వాటిని గంప కిందే ఉంచాలి.
- రెండూ కావాలంటే చిన్నప్పుడే కలిపి పెంచాలి. తిండి గిన్నెలు వేర్వేరు చోట్ల పెట్టాలి. పిల్లి ఎక్కి కూర్చునేందుకు కుక్కకు అందని అటక ఒకటి ఉండాలి. తోక ఊపడమే ఒకదానికి స్నేహం, మరొకదానికి చికాకు కాబట్టి మొదటి వారాల్లో మనం పక్కన ఉండి చూసుకోవాలి.
- పసిపిల్లలు ఉన్న ఇంట్లో, తింటున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను, నిద్రపోతున్న పిల్లిని తాకవద్దని వారికి నేర్పాలి.

పిల్లిని తెచ్చుకున్నా, కుక్కను తెచ్చుకున్నా మొదటి వారంలోనే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. టీకా వేసిన తేదీ, తర్వాత వేయాల్సిన తేదీ, పురుగుల మందు తాగించిన తేదీ ఒక కాగితం మీద రాసి, పశువుల టీకా కార్డులతో పాటు భద్రపరచాలి. ఇప్పటికే ఇంట్లో ఉన్నదానికి టీకా లేకపోతే ఈ వారంలోనే వేయించండి.